రాజహంసల్ని లేపి ఫొటోలు తీయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మాది తిరుపతి. చలికాలంలో సెలవు దొరికితే కెమెరా పట్టుకుని తెల్లారేలోపు పులికాట్ సరస్సుకి చేరిపోతాను. పోయిన ఆదివారం అక్కడ నీళ్ల మీద చూసింది మనసులోంచి పోవడం లేదు.

నేనెక్కింది గడకర్రతో తోసే నాటు పడవ. ఎదురుగా రాజహంసల (ఫ్లెమింగోల) గుంపు, తలలు నీళ్లలో ముంచి, ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్లు జల్లెడ పట్టి మేస్తున్నాయి. ఇంతలో ఒక ఇంజిన్ బోటు నేరుగా గుంపు మీదికే వచ్చింది, అందులో కెమెరాలవాళ్లు నలుగురు, "ఇంకా దగ్గరికి పోనీ అన్నా, లేస్తేనే రెక్కల ఎరుపు కనిపించేది" అని ఒకటే అరుపులు. లేచాయి పాపం. ఈ పక్షి కాకిలా ఉన్నచోటు నుంచి ఎగరలేదు, నీళ్ల మీద టపటపా పరిగెత్తితేగానీ పైకి లేవదు. దూరంగా దిగితే బోటు అక్కడికీ పోయింది. అలా మూడుసార్లు! అవి ఇక్కడికి వచ్చేది మేత కోసం, ఆ మేతే మనం చెడగొడుతున్నాం.

ఎగిరే ఫొటో నాకూ ఇష్టమే. దానికి తరమక్కర్లేదు. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి గాలి వచ్చే దిక్కున, ఎండ మన వీపు మీద పడేలా పడవ ఆపుకుని కదలకుండా కూర్చుంటే, దానంతట అది లేచినప్పుడు మనవైపే వస్తుంది. ట్రైపాడ్ పడవలో పనికిరాదు, ఊగే ప్రతి ఊపూ లెన్స్‌కి ఎక్కుతుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, షటర్ స్పీడ్ సెకనులో రెండు వేలో వంతు కన్నా వేగంగా పెడితే చాలు. ఆ రోజు బోటు పోయాక అరగంట అలాగే కూర్చున్నా, ఒక నీటికాకి వచ్చి మా పడవకు నాలుగు బారల దూరంలో గుంజ మీద వాలి రెక్కలు ఆరబెట్టుకుంది. ముక్కు కొసన నీటిబొట్టుతో సహా పడింది ఫొటోలో.

పడవ నడిపేవాళ్లని నేను తప్పుపట్టను. ఇంకో రెండొందలిస్తాం, దగ్గరికి పోనీ అంటే పూట గడవాల్సిన మనిషి ఏం చేస్తాడు? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం ఉంది, పులికాట్ లాంటి అభయారణ్యంలో వన్యప్రాణుల్ని వేధించకూడదని. అధికారులకు నా విన్నపం ఒకటే. జాలర్లు వలలకు గుంజలు పాతుకున్నట్టే, పక్షులు మేసే చోటికి దూరంగా ఎర్రగుడ్డ కట్టిన గుంజలు పాతించండి, అవి దాటి ఏ బోటూ పోకూడదని రేవులో తెలుగులోనూ తమిళంలోనూ బోర్డు పెట్టించండి. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌కి జనం రాకముందే ఈ పని అయిపోవాలి.

— పక్షుల ఫొటోలు తీసే ఒక పాఠకుడు, తిరుపతి