మెస్ అమ్మకు దండాలు

పొద్దున ఏమీ తినకుండా ల్యాబ్‌కు పోయి రక్తమిచ్చి, స్కూల్లో ఏడు పీరియడ్లు చెప్పి, సాయంత్రం రిపోర్టు తెచ్చుకున్నా. మూడు నెలల షుగర్ సగటు (HbA1c) 5.6 శాతం వచ్చింది. పదకొండు నెలల కింద అది 6.3, బరువు 88 కిలోలు. ఇప్పుడు 76. కాళ్లు లాగుతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకోలేను.

హనుమకొండలో మా స్కూలు వెనక సందులో నాలుగు బెంచీల మెస్ నడిపే అమ్మకు ఈ దండం. పేరు రాయొద్దంది, రాయను.

అప్పట్లో షుగర్ భయంతో నేను అన్నం పూర్తిగా మానేశాను. పంతొమ్మిదో రోజు క్లాసులో కళ్లు తిరిగాయి. మధ్యాహ్నం ఆ మెస్‌కు పోయి పళ్లెం ముందు కూర్చున్నా, తినాలంటే భయం, లేవాలంటే ఓపిక లేదు. ఆమె ఏమీ అడగలేదు. ఒక గంటె అన్నం పెట్టి, గంటె వీపుతో దాన్ని ఒక పక్కకు ఒత్తి, మిగతా జాగా అంతా బీరకాయ కూర, గట్టి పప్పు, ఉడికిన గుడ్డుతో నింపింది. "అన్నంతోటి పగెందుకు బిడ్డా, ఒక్క గంటె తిను, కూర కడుపునిండ తిను, నేనేస్త" అంది. కూరకని ఎక్కువ పైసలిస్తే తీసుకోలేదు. అక్కడే ఏడ్చేశాను. నా ఒళ్లు గురించి ఒక్క మాట అనకుండా నాకు అన్నం పెట్టిన మనిషిని చూసి చాన్నాళ్లయింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అదే లెక్క. ఇంట్లో తూచి చూస్తే ఆ గంటెకు 150 గ్రాముల అన్నం, అంటే 40 గ్రాములకు కాస్త పైన పిండిపదార్థం. పొద్దున పెసరట్టు, రాత్రి కూరతో ఒక్కటే జొన్నరొట్టె (రొట్టే కదా అని మూడు తింటే అన్నం తగ్గించి లాభం లేదు), రోజంతా కలిపి పిండిపదార్థం 130 గ్రాములు దాటనివ్వలేదు. పండక్కి పులిహోర తిన్నా, మర్నాడు మళ్లీ ఒక్క గంటె.

మా ఆయన, పిల్లలు, అత్తమ్మ అన్నీ ఓర్చుకున్నారు, వాళ్లకు ఇంట్లో చెప్పుకుంటా.

ఒక్కటి మాత్రం అనకుండా ఉండలేను. రెండు గంటలు కూర్చోబెట్టి రెండు నిమిషాలు చూసిన డాక్టర్ గారు ఇచ్చింది ఇంగ్లీషు జిరాక్స్ కాగితం, అందులో ఓట్స్, బ్రకోలీ, ఆలివ్ నూనె. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దని 2024లోనే చెప్పింది. ఆ మాటను తెలుగులో, మన పళ్లెం లెక్కలో చెప్పడానికి ఒక్క మనిషిని పెట్టలేరా? రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, మంచిదే, గుడ్లూ కూరగాయలూ కొనలేనివాళ్లు ఆ బియ్యంతోనే కడుపు నింపుకోవాలి కదా.

రిపోర్టు పట్టుకుని ఇవాళ ముందు మెస్‌కే పోయా. కొంగుకు చేతులు తుడుచుకుని కాగితం పట్టుకుంది, చదవడం రాదు. "మంచిగనే ఉన్నదా?" అంది. ఉందన్నాను. "మరి తిన్నవా?" అంది.

అయ్యో, మర్చిపోయా: తెల్లారి అయిదింటికే గేటు కొట్టి నన్ను నడకకు లేపిన పక్కింటి వదిన, నా చాయ్‌లో ఎవరూ చెప్పకుండానే చక్కెర మానేసిన మా స్కూల్ ఆయమ్మ, నరం దొరక్కపోతే ఓపిగ్గా కూర్చున్న ల్యాబ్ తమ్ముడు, మీకూ దండాలు.