మన మహిళా సంఘం వార్షిక నివేదిక: బాలింతల కోసం తిరిగిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నాను, కానీ ఈసారి చదివి పక్కన పడేయకండి.

కుట్టు క్లాసులు, రక్తహీనత పరీక్షలు, సిరిమాను పండగ రోజున విజయనగరంలో మజ్జిగ పందిరి ఎప్పటిలాగే జరిగాయి. ఎండలో నిలబడి మజ్జిగ పంచిన పిల్లలకీ, అద్దె తీసుకోకుండా కుర్చీలిచ్చిన టెంట్ హౌస్ ఆయనకీ, హాలిచ్చిన గుడి కమిటీకీ కృతజ్ఞతలు.

ఇక అసలు పని బాలింతల దిగులు. కాన్పయిన రెండు మూడు రోజులకి ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం సగానికి పైగా తల్లులకి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకుండా ఉండిపోతే, లేదా నెలల తర్వాత మొదలైనా సరే, అది డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, అంటే 20 వేల మందికి పైగా తల్లుల లెక్కలను కలిపి చూస్తే నూటికి 22 మందికి ఉందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. ఐదుగురు బాలింతల్లో ఒకరు! ఆ లెక్క చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మన వీధిలో నేను పురుడు చూడటానికి వెళ్లి బిడ్డని మాత్రమే ఎత్తుకుని వచ్చేసిన ఇళ్లన్నీ గుర్తొచ్చాయి.

ముందు ఎప్పుడైనా డిప్రెషన్ వచ్చినవాళ్లకీ, కడుపుతో ఉన్నప్పుడే దిగులు పట్టుకున్నవాళ్లకీ ఇది వచ్చే అవకాశం ఎక్కువ. భర్త కొట్టే ఇల్లు, అప్పుల టెన్షన్, అత్తింటి గొడవలు, నెలలు నిండని బిడ్డ, బిడ్డకి జబ్బు, ఇవన్నీ దానికి తోడు. ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో మొహాలు మాడ్చుకోవడం కూడా కారణమేనని మన దేశపు పరిశోధనల్లోనే ఉంది. మన వైపు మగవాళ్లు పనులకి చెన్నై, హైదరాబాద్ వెళ్లిపోతారు, రాత్రి మూడింటికి పిల్ల ఏడిస్తే పక్కన లేచేవాళ్లుండరు.

ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకునేది అత్తల సమావేశం. కోడళ్లని కాదు, అత్తల్నే పిలిచాం. మొదట ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, "నా కోడలు గుంటని ఎత్తుకోకుండా గోడవైపు తిరిగి పడుకుంటే ఏటో గాలి సోకిందని తాయెత్తు కట్టించానమ్మా" అంది. కాసేపాగి, "మా పెద్దోడు పుట్టినప్పుడు నాకూ ఇలాగే అయింది, అడిగినోళ్లు లేరు" అంది. ఆవిడ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది, పైన మీగడ కట్టేసింది. ఆ తర్వాత గంటన్నర మాట్లాడుకున్నాం, హాలు తాళం వేయాలని వచ్చినాయన కూడా గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు.

ఆశా అక్కలు కాన్పయ్యాక 42వ రోజు వరకూ ఇంటికి వస్తారు. వాళ్ల వెంట వెళ్లి తల్లి పక్కన కూర్చుని "నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా, అన్నం తింటున్నావా" అని అడగడం మన పని. దీనికి పదకొండు మంది పేర్లిచ్చారు. వచ్చింది నలుగురు! బాధగా ఉంది, చెప్పకుండా ఉండలేను. నెలకోసారి కౌన్సిలర్‌ని పంపమని ఒక ఆఫీసుకి రెండు లెటర్లిచ్చాం, మూడుసార్లు తిరిగాం, సారు మీటింగ్‌లో ఉన్నారు అన్న మాటే విన్నాం. ఆ నలుగురూ, ఆశా అక్కలూ, అంగన్‌వాడీ టీచర్లూ లేకపోతే ఈ పేజీ ఖాళీగా ఉండేది.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్, నంబరు 14416, ఏ వేళకైనా ఫ్రీగా, తెలుగులో మాట్లాడతారు, ఫోన్లలో సేవ్ చేసుకోండి. ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తున్నాయని బాలింత అన్నా, తనకో బిడ్డకో ఏదైనా హాని చేయాలనిపిస్తోందన్నా ఫోన్లు, తాయెత్తులు అని ఆగకుండా, ఆమెని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు, మిగులు కొంచెమే, టీ ఖర్చు ఎక్కువైంది.

పేర్ల పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను. ఈసారి పేరు పక్కనే వారంలో ఏ రోజు ఖాళీయో కూడా రాయండి, ఆ రోజు నేనే వచ్చి మీ తలుపు కొడతాను.

ఇట్లు,
కార్యదర్శి