రక్తం వస్తోందని బ్రష్ మానేయకు

విజయనగరం

అమ్మలూ,

నిన్న వీడియో కాల్‌లో జాంకాయ కొరికి, కొరికిన చోట ఎర్రటి చార చూసి పక్కన పెట్టేశావు. చిగుళ్లలోంచి రక్తం వస్తోందని వారం నుంచి బ్రష్ ముట్టుకోవడం లేదన్నావు. రాత్రంతా నాకు నిద్ర లేదు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేనూ సరిగ్గా ఇదే చేశాను.

"కడుపుతో ఉంటే ఇవన్నీ మామూలే, పళ్లు కదపకు" అంది మీ మామ్మ, ప్రేమతోనే. ఏడో నెల వచ్చేసరికి నా ముందుపళ్ల మధ్య చిగురు రేగిపండంత ఉబ్బింది. తాకితే రక్తం. కేన్సరేమోనని ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను. చివరికి మీ నాన్న పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అది కేన్సర్ కాదని, చాలామందికి కాన్పయ్యాక దానంతటదే తగ్గుతుందని చెప్పాక గానీ ఊపిరి తీసుకోలేదు. నాకూ అలాగే తగ్గింది.

కడుపుతో ఉన్న ఈ నెలల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు బాగా పెరుగుతాయి కదా, వాటి ప్రభావం చిగుళ్ల మీదా పడుతుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు వెడల్పై, నీరు ఊరి, చిగురు ఉబ్బుతుంది. కొన్ని రకాల బాక్టీరియాకి ఆ హార్మోన్లే తిండి. మామూలప్పుడు ఏమీ చేయని కాస్త పాచికే ఇప్పుడు చిగురు భగ్గుమంటుంది. రెండో నెలలో మొదలై ఎనిమిదో నెలకి బాగా ముదురుతుంది. హార్మోన్లని మనం ఆపలేం. పాచిని ఆపగలం. బ్రష్ మానేస్తే పెరిగేది అదే.

బిడ్డ నీ పళ్లలోని కాల్షియం లాగేసుకుంటుందని ఎవరైనా అంటే నమ్మకు. అది నిజం కాదు. వాంతయిన వెంటనే మాత్రం బ్రష్ వద్దు. గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించు, అరగంట ఆగాక తోముకో.

నీకిప్పుడు ఐదో నెల. పళ్లు క్లీనింగ్ చేయించుకోవడానికి ఇదే వీలైన సమయం. వెళ్లగానే కడుపుతో ఉన్నానని డాక్టరుకి చెప్పు. నా వయసులో ముట్లు పూర్తిగా ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గితే దవడ ఎముక కూడా పలచబడుతుందట. నా దవడపన్ను ఒకటి కదులుతోంది, నేనూ చూపించుకుంటున్నాను.

అడిగావని భీమాలి తాండ్ర పంపుతున్నాను. పళ్లకి అంటుకుంటుంది, తిన్నాక నోరు పుక్కిలించు. దాని పక్కనే మెత్తటి బ్రష్‌లు రెండు పెట్టారు మీ నాన్న. శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకుని, ఎన్ని గంటలకో నాకు మెసేజ్ పెట్టు.

అమ్మ