సేవ్‌క్రెడ్ సలహా సరిదిద్దండి

సంపాదకులకు నమస్కారం.

ఒక ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు అడుగుతోందని వాపోయిన పాఠకుడికి, మీ కంప్యూటర్ శీర్షికలో విండోస్‌లో ప్రోగ్రామును వేరే ఖాతా పేరుతో నడిపే రన్‌యాజ్ కమాండుకు, పాస్‌వర్డును దాచిపెట్టే సేవ్‌క్రెడ్ తగిలించమని, పాస్‌వర్డు ఒక్కసారి కొడితే చాలని జవాబిచ్చారు. సరిగ్గా ఆ పనే చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం.

ఒక కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. లెక్కల విభాగంలో ఒక పాత ప్రోగ్రాం అడ్మినిస్ట్రేటర్ హక్కు లేనిదే కదిలేది కాదు. రోజుకు నాలుగుసార్లు పిలుపు. వెళ్లి పాస్‌వర్డు కొట్టి రావాలి. (రన్‌యాజ్‌లో పాస్‌వర్డు కొడుతుంటే తెరమీద చుక్క కూడా పడదు. కీబోర్డు పాడైందనుకుని మొదట్లో నేను వైరు పీకి మళ్లీ పెట్టాను.) చివరికి విసుగెత్తి, విండోస్ మామూలుగా నిద్రపుచ్చి ఉంచే అసలు అడ్మినిస్ట్రేటర్ ఖాతాను లేపి, దాని పేరుతో సేవ్‌క్రెడ్ షార్ట్‌కట్ ఒకటి డెస్క్‌టాప్ మీద పెట్టాను. నెలరోజులు హాయిగా గడిచాయి.

ఆ తరువాత ఆ కంప్యూటర్లో రెండు ఆటలు కనిపించాయి. కొత్తగా చేరిన కుర్రవాణ్ణి అడిగితే దాపరికం లేకుండా చేసి చూపించాడు. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లోని కమాండు వరుసను కాపీ చేశాడు, లెక్కల ప్రోగ్రాం పేరున్నచోట సీఎండీ (కమాండ్లు టైపు చేసే విండో పేరు) అని మార్చాడు, ఎంటర్ నొక్కాడు. నల్ల విండో తెరుచుకుంది. పాస్‌వర్డు ఊసే లేదు. ఇక ఆ విండోలోంచి ఏది నడిపినా అడ్మినిస్ట్రేటర్ నడిపినట్టే. కుర్రవాడి తప్పేముంది? బీరువా తాళంచెవి గుమ్మానికి వేలాడదీసింది నేను.

ఆ పాస్‌వర్డు ఏ ఒక్క ప్రోగ్రాముకో కట్టుబడి ఉండదు. విండోస్ పాస్‌వర్డులు దాచే చోటైన క్రెడెన్షియల్ మేనేజర్‌లో, ఆ వాడుకరి పేరుమీద చేరుతుంది. ఆ లాగిన్‌లో కూర్చున్న ఎవరైనా దానితో ఏదైనా నడపవచ్చు. మనం అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా మామూలు పనులకు తగ్గించిన హక్కులే ఇచ్చి, పెద్ద పనికి ముందు ఆగి అడిగే పద్ధతిని విండోస్ విస్టా నుంచి పెట్టుకుంది. ఆ ఆగడమే రక్షణ. 2024లో విండోస్ 11కు వచ్చిన, అడ్మినిస్ట్రేటర్ హక్కుతో పని నడిపే సుడో కమాండు కూడా అనుమతి అడిగే ముందుకు సాగుతుంది. పైగా మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయదు.

నా సమస్యకు అసలు మందు వేరే ఉంది. ఆ ప్రోగ్రాం తన లెక్కల ఫైళ్లను ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డరులోనే రాసుకుంటోంది. మామూలు వాడుకరికి అక్కడ రాసే హక్కు ఉండదు. డేటా ఉన్న లోపలి ఫోల్డరు ఒక్కదానికి ఆ హక్కు ఇచ్చాను. పది నిమిషాల పని. మళ్లీ ఎవరూ పాస్‌వర్డు కోసం పిలవలేదు. అన్ని ప్రోగ్రాములూ ఇంత తేలిగ్గా లొంగవు, నిజమే. అయినా ముందు చూడవలసింది ఇక్కడే.

మీ సలహా పాటించినవారికి ఒక సవరణ వేయండి. షార్ట్‌కట్ తీసేస్తే సరిపోదు. ఆ వాడుకరి లాగిన్‌లోనే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, దాచిన పాస్‌వర్డును తొలగించాలి. నిద్రలేపిన అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఉంటే దాన్ని మళ్లీ ఆపివేయాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు