తప్పు మీ రౌటర్‌ది కాదు

మా దగ్గర నెట్ కనెక్షన్ ఉన్నవాళ్లందరికీ నమస్కారం.

పోయిన నెల నాలుగు రోజులపాటు మీలో చాలామందికి వాట్సాప్ నడిచింది, బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. కొందరికి బ్యాంకు యాప్ తెరుచుకుంది, వాట్సాప్ రాలేదు. ఫోన్ చేసినవాళ్లందరికీ "రౌటర్ ఆపి మళ్లీ వేయండి" అన్నాను. ముగ్గురికైతే కొత్త రౌటర్ కొనుక్కోమని కూడా చెప్పాను. ఆ ముగ్గురూ బిల్లు తెస్తే ఆ డబ్బు నేనిస్తాను.

పెద్ద కంపెనీ నుంచి మనకు ఒక్కోటి 1 జీబీపీఎస్ చొప్పున రెండు ఫైబర్ లైన్లు వస్తాయి. రెండింటినీ మా స్విచ్‌లో (నెట్ ట్రాఫిక్‌ను లైన్లకు పంచే పెట్టె) ఒకే లైనులా కలిపి వాడుకుంటాం. దీన్నే లింక్ అగ్రిగేషన్ అంటారు. ఎవరు ఏ సర్వర్‌కి వెళ్తున్నారో అడ్రసులు చూసి స్విచ్ ఒక్కోదాన్ని ఒక్కో లైను మీద పంపుతుంది. కాలువ పనులకు తవ్వుతుంటే రెండో లైను తెగింది. ఫైబర్‌కీ స్విచ్‌కీ మధ్య కన్వర్టర్ (ఫైబర్‌లోని వెలుగును మామూలు కేబుల్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఉంది కాబట్టి, అవతల తెగినా ఇవతల పోర్టు లైటు పచ్చగానే వెలుగుతూ ఉంది. లైను బాగానే ఉందనుకుని స్విచ్ సగం ట్రాఫిక్‌ను అందులోకే పంపుతూ పోయింది.

ఇలాంటిది పట్టుకోవడానికే ఎల్ఏసీపీ అనే పద్ధతి స్విచ్‌లకు ఉంది. 2000లోనే స్టాండర్డ్ అయింది. రెండు చివర్ల స్విచ్‌లూ ప్రతి లైను మీదా ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. ఫాస్ట్‌లో పెడితే సెకనుకోసారి. 3 సెకన్లు పలుకు లేకపోతే ఆ లైన్ను పక్కన పెట్టేస్తాయి. మాది స్టాటిక్, అంటే చేత్తో ఒకసారి కలిపి వదిలేయడమే, ఆ పలకరింపే లేదు.

ఆ స్విచ్ కొనేటప్పుడు ఎల్ఏసీపీ ఉందా అని డీలర్‌ని రెండుసార్లు అడిగాను. ఉందని కొటేషన్‌లో రాసిచ్చాడు. పెట్టె విప్పి మెనూ చూస్తే స్టాటిక్ ఒక్కటే కనిపించింది. ఫర్మ్‌వేర్ (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లో వస్తుందన్నాడు, ఏడు నెలలు తిప్పాడు. ఇప్పుడు అడిగితే "మీకు కాన్ఫిగర్ చేయడం రాలేదు" అన్నాడు. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో స్తంభాలెక్కి వైర్లు లాగినవాణ్ణి. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ కొటేషన్ నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. అతని దగ్గర ఇక ఒక్క కనెక్టర్ కూడా కొనను.

ఫైబర్ అతికించాక, మళ్లీ రెండూ కలిపేద్దామని మా కుర్రాళ్లు అన్నారు. తవ్వకం ఇంకా ఆగలేదు. మళ్లీ తెగితే మళ్లీ అదే గోల. రెండు రాత్రులు నిద్ర లేకుండా ఆలోచించి, కొత్త స్విచ్ వచ్చేదాకా ఒక్క లైను మీదే నడిపాను. పన్నెండు రోజులు సాయంత్రం పూట నెట్ నత్తనడక నడిచింది అందుకే. కొందరు కనెక్షన్ తీయించేశారు, బాధేసింది. అయినా మళ్లీ అదే చేస్తాను. నెట్ స్లోగా ఉంటే మీకు కనిపిస్తుంది. సగం మాయమైతే మీరు కట్టిన డబ్బు వెళ్లిందో లేదో కూడా తెలియదు.

కొత్త స్విచ్ పెట్టాం. రెండు వైపులా ఎల్ఏసీపీ యాక్టివ్, ఫాస్ట్. రాత్రి రెండింటికి కన్వర్టర్ దగ్గర ఫైబర్ నేనే పీకి చూశాను. వీడియో ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచింది. ఆ పదహారు రోజుల డబ్బు ఈ నెల బిల్లులో తగ్గిస్తున్నాను.

ఇకమీదట ఒక యాప్ వచ్చి ఇంకోటి రాకపోతే రౌటర్ ముట్టుకోకండి, ముందు నాకు ఫోన్ చేయండి.