లాస్‌లెస్ సరే, ఆ పాట ఎక్కడి నుంచి ఎత్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

హనుమకొండ చౌరస్తా దగ్గర చాలా ఏళ్లు టేప్‌రికార్డర్లు, డెక్కులు బాగుచేసి బతికినవాణ్ణి. ఇప్పుడు షాపు లేదు. వయసుతో పాటు సన్నటి శబ్దాలు కొన్ని వినపడటం మానేసినా, ఏ రికార్డింగ్ ఎక్కడ దెబ్బతిన్నదో ఇప్పటికీ చెప్పగలను. గద్దర్ పాటల మీద ‘లాస్‌లెస్’, అంటే శబ్దంలో ఏదీ పోలేదని, ముద్ర వేసి వినిపిస్తున్న తీరు గురించి ఈ ఉత్తరం.

మా అల్లుడు ఒక యాప్‌కు డబ్బు కట్టి, అందులో ఉన్న గద్దర్ హిట్ పాటలు నా ఫోన్‌లో పెట్టిచ్చాడు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వినేదానికి లాస్‌లెస్ దండగ. బ్లూటూత్ ఆ పాటను మళ్లీ కుదించే పంపుతుంది. అందుకని వైరు ఇయర్‌ఫోన్, ఫోన్‌లోని డిజిటల్ పాటను ఇయర్‌ఫోన్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న డీఏసీ తెప్పించుకుని విన్నాను. సీడీలో సెకనుకు 1411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. మనం మెమొరీ కార్డుల్లో నింపించుకున్న ఎంపీ3 పాటలు చాలావరకు 128 కిలోబిట్లవే. పెద్ద శబ్దం మోగుతుండగా పక్కన ఉన్న చిన్న శబ్దం చెవికి ఎలాగూ అందదులే అని తీసేస్తుంది ఎంపీ3. లాస్‌లెస్ పాటలు దాచే ఫ్లాక్ ఫైలు అలా కాదు, ఏదీ పారేయకుండానే ఫైలును ఇంచుమించు సగం చేస్తుంది.

గద్దరన్న పాటలో ఆ చిన్న శబ్దాలే ప్రాణం. 2011లో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’ సినిమాకు ఆయన రాసి పాడిన పాట ఈ పద్ధతిలో విన్నప్పుడు, చరణం ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి, పై స్థాయికి పోయినచోట గొంతులో వచ్చే జీర స్పష్టంగా తెలిశాయి. పెట్టిన డబ్బు దానికే చెల్లిపోయింది అనుకున్నాను.

ఆ తర్వాత పాత సభల పాటలు మొదలయ్యాయి. పైన అదే లాస్‌లెస్ ముద్ర. లోపల మాత్రం జనం చప్పట్లు నీళ్లలో కొట్టినట్టున్నాయి. కాలి గజ్జెల ‘ఘల్లు’లో మొదటి దెబ్బ పోయి వట్టి సుర్రుమనడమే మిగిలింది. అల్లుడితో ల్యాప్‌టాప్‌లో స్పెక్ట్రమ్, అంటే ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో చూపే బొమ్మ, తీయించి చూస్తే, శబ్దం 16 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క గీతకు ఆగిపోయింది. క్యాసెట్‌లో ట్రెబుల్ (సన్నటి శబ్దం) మెల్లమెల్లగా తగ్గుతుంది గానీ అలా గీత గీసినట్టు ఆగదు. అలా కోసేది ఎంపీ3. అంటే ఎవరో ఎక్కడిదో ఎంపీ3 తెచ్చి ఫ్లాక్‌గా మార్చి ఎక్కించారన్నమాట. పోయిన శబ్దం ఫైలు పేరు మారిస్తే తిరిగి రాదు. ఇంకో పాటలో గొంతు బడిపిల్లాడి గొంతంత సన్నగా ఉంది. క్యాసెట్ రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. రికార్డు చేసిన సెట్టు నెమ్మదిగా తిరిగి ఉంటే, సరిగ్గా తిరిగే సెట్టులో వేసినప్పుడు గొంతు ఇలాగే సన్నబడుతుంది. మా షాపులో పనికి చేరిన కుర్రాడు మొదటి నెలలోనే పట్టేసే తప్పు ఇది!

తప్పంతా యాప్‌వాళ్లదే అననులెండి. ఆ పాటలు కాపీ మీద కాపీగా తిరిగాయి. 1990లో వరంగల్‌లో జరిగిన రైతుకూలీ సంఘం సభలో టేప్‌రికార్డర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను. పోలీసుల భయంతో అలాంటి క్యాసెట్ ఇంట్లో ఉందంటేనే టెన్షన్. రిపేరుకు వచ్చిన ఒక సెట్టులో ఇరుక్కున్న క్యాసెట్ మీద ‘అయ్యప్ప భజనలు’ అని రాసి ఉంది, లోపల గద్దర్. సెట్టు తెచ్చినాయన మొహం చూసి నేనూ భజనలే అనుకున్నట్టు ఊరుకున్నాను.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయారు. ఇక కొత్తగా పాడించుకోలేం. ఆయన పేరు మీద ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తోంది, సంతోషం. ఆ ఖర్చులో కొంచెమైనా పాటల మీద పెట్టాలి. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. కాపీలు కాకుండా సభల్లో నేరుగా పట్టిన క్యాసెట్లను ఊళ్ల నుంచి అడిగి తెచ్చి, సీడీ కంటే మేలైన 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ నాణ్యతలో కంప్యూటర్‌లోకి ఎక్కించి, మళ్లీ సొంతదారులకు అప్పగించే పని అక్కడ పెట్టుకోవచ్చు. యూఎస్‌బీ ప్లేయర్‌లో వేసి మీట నొక్కితే అయ్యే పని కాదిది. ప్రతి క్యాసెట్‌కూ రీలును చదివే హెడ్డు స్క్రూ తిప్పుతూ ట్రెబుల్ తేరేదాకా సరిచేయాలి. ఈ పని చేతికొచ్చిన పాత మెకానిక్‌లు వరంగల్‌లో, కరీంనగర్‌లో ఇంకా ఉన్నారు. పిలిస్తే నేనూ వస్తాను. ఇక యాప్‌వాళ్లు ప్రతి పాట కింద అది మొదట రికార్డు చేసిన మాస్టర్ టేపు నుంచా, సీడీ నుంచా, క్యాసెట్ నుంచా అన్నది ఒక్క ముక్క రాయాలి. నెలనెలా డబ్బు కడుతున్నవాళ్లం, అడగవచ్చు.

ఇంట్లో అలాంటి క్యాసెట్ ఉన్నవాళ్లకు ఒక మాట. రీలు మీద తెల్లగా బూజు కనిపిస్తే వేసి చూడకండి, సెట్టు హెడ్డు కూడా పాడవుతుంది. బాగున్నదైతే ముందు క్యాసెట్ వెనక అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరగ్గొట్టండి. అవి అలాగే ఉంటే, మనవడో మనవరాలో రికార్డు మీట నొక్కిన రోజున పాట పోయినట్టే.

ఇట్లు,
ఒక పాత టేప్‌రికార్డర్ మెకానిక్,
హనుమకొండ