తెల్ల స్వెటర్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

అందరికీ నమస్కారం. మా గొర్రెల ఉన్నితో నేను అల్లే స్వెటర్ల కోసం మీరు పంపిన మెసేజ్‌లకు రెండు నెలలుగా సరిగా జవాబు ఇవ్వలేదు. "వచ్చే వారం పంపేస్తా" అని కొందరికి మూడుసార్లు చెప్పి మూడుసార్లూ పంపలేదు. ఏం జరిగిందో దాచకుండా చెప్పేస్తాను, చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

కథ మొదలైంది కోళ్ల దాణా దగ్గర. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం దాణా గది గొళ్లెం వేయడం మర్చిపోయాను. కోళ్లన్నీ గూట్లోకి వెళ్లాయా లేదా అని లెక్కపెట్టే హడావుడిలో (ఒక పెట్ట రోజూ చెట్టెక్కి కూర్చుంటుంది, దాన్ని దించడానికే పావుగంట పడుతుంది) తలుపు సంగతే గుర్తులేదు. తెల్లారి చూస్తే మూడు గొర్రెలు దాణా బస్తా చింపేసి, మూతినిండా పిండి పూసుకుని నిలబడి ఉన్నాయి. చూడగానే నవ్వొచ్చింది కూడా. మధ్యాహ్నానికి ఆ నవ్వు పోయింది. నెమరు ఆగిపోయింది, కడుపులు ఉబ్బాయి, పళ్లు కొరుకుతూ తలలు వేలాడేశాయి. గొర్రె పొట్ట గడ్డికి అలవాటు పడి ఉంటుంది కదా, ఒక్కసారిగా అన్ని గింజలు పడితే అవి లోపల పులిసి ఆమ్లం పుడుతుంది, అది రక్తం దాకా వెళితే ప్రాణం మీదికి వస్తుంది. పశువుల డాక్టర్ రాత్రి దాకా ఉండి మందులు పట్టించినా ఒకటి దక్కలేదు. రెండు బతికాయి.

బతికాయి కదా అని నేను ఆ సంగతి అక్కడితో వదిలేశాను. అసలు తప్పు అదే.

గొర్రెకు గట్టి జబ్బు చేస్తే ఒంట్లో శక్తంతా ప్రాణం నిలబెట్టుకోవడానికే పోతుంది, ఉన్నికి మిగలదు. ఆ కొన్ని రోజులు పోగు సన్నబడి, కోలుకున్నాక మళ్లీ మామూలు మందంతో పెరుగుతుంది. పైకి చూస్తే ఏమీ కనిపించదు. కానీ ప్రతి పోగులోనూ ఒకేచోట ఆ బలహీనత ఉండిపోతుంది, గట్టిగా లాగితే సరిగ్గా అక్కడే తెగుతుంది. ఈ విషయం నాకు తెలియక కాదు. మా మందలో మెత్తటి తెల్ల ఉన్ని ఆ రెండు గొర్రెలదే, మీరు ఎక్కువగా అడిగిందీ అదే, కత్తిరించిన రోజున ఆ తెల్లటి కుప్పను చూసి మురిసిపోయానే తప్ప ఒక్క పోగు కూడా లాగి చూడలేదు.

సూచనలు రాలేదా అంటే వచ్చాయి. బ్రష్‌లతో దువ్వి ఏకుతుంటే ఉన్నిలో చిన్నచిన్న ఉండలు కట్టాయి. బ్రష్‌ల పళ్లు అరిగాయేమో అనుకున్నాను. రాట్నం మీద దారం మాటిమాటికీ తెగింది, పురి సరిగా పడట్లేదేమో అనుకుని ఇంకాస్త ఎక్కువ పురి పెట్టాను. రెండు పేటలు కలిపాక దారం బాగానే నిలబడింది, ఇంకేం, అల్లడం మొదలుపెట్టాను.

మొదట పంపిన నాలుగు స్వెటర్లలో ఒకదానికి మూడు వారాలకే మోచేతి దగ్గర చిల్లు పడిందని మెసేజ్ వచ్చింది. నేనేం చేశానో తెలుసా, "వాషింగ్ మెషీన్‌లో వేసి ఉంటారు" అని కాస్త కటువుగానే జవాబు రాశాను. మెషీన్‌లో వేస్తే ఉన్ని కుంచించుకుపోయి అట్ట కడుతుంది, మోచేతి దగ్గర మాత్రమే చిల్లు పడదు. అది నాకు రాత్రి పడుకున్నాక వెలిగింది. లేచి వెళ్లి సంచిలో మిగిలిన ఉన్నిలోంచి పెన్సిల్ మందాన ఒక పాయ తీశాను. రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని చటుక్కున లాగాలి. మంచి ఉన్ని అయితే తీగ మీటినట్టు టింగుమంటుంది. ఇది చిటపటమని రెండు ముక్కలైంది. ఇంకో పాయ తీశాను, అదీ అంతే. పోగు పొడవు పది సెంటీమీటర్లు, తెగింది చర్మం వైపు కొస నుంచి నాలుగు సెంటీమీటర్ల దగ్గర. మా గొర్రెల ఉన్ని నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, కత్తిరించిన రోజు నుంచి నాలుగు నెలలు వెనక్కి లెక్కేసుకుంటే సరిగ్గా ఆ దాణా రోజుల్లోకే వెళ్లి ఆగింది.

ఆ స్వెటర్ కొన్నవారికి వేరేగా క్షమాపణ చెప్పాను, ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను. అప్పటి నుంచి మీకెవరికీ ముఖం చూపించలేక మెసేజ్‌లు తెరవడమే మానేశాను. అది ఇంకా పెద్ద తప్పు.

ఇప్పుడు విషయానికి వస్తే, మొత్తం 23 ఆర్డర్లు ఉన్నాయి, వాటిలో తెల్ల ఉన్నివి తొమ్మిది. ఆ తొమ్మిదీ ఈ ఉన్నితో చేయను. బూడిద రంగు ఉన్ని, నల్ల ఉన్ని పరీక్షించాను, గట్టిగానే ఉన్నాయి. వాటికి ఒప్పుకునేవాళ్లకు నెలన్నరలో ఇవ్వగలను. తెల్లదే కావాలంటే వచ్చే కత్తిరింపు దాకా ఆగాలి, అంటే ఇంకో ఐదు నెలలు, ఆ తర్వాత కడగడం, ఏకడం, వడకడం, అల్లడం ఉంటాయి, కాబట్టి దగ్గర దగ్గర ఏడు నెలలనుకోండి. డబ్బు వెనక్కి కావాలన్నా ఇచ్చేస్తాను, మొహమాటపడకండి. ముందే అందుకున్న మిగతా ముగ్గురూ స్వెటర్లు వెనక్కి పంపండి, ఇంకా చిరగకపోయినా సరే, ఖర్చు నాదే. మిగిలిన 14 మందివి ఈ ఉన్ని కాదు, ఈ గొడవలో పడి ఆలస్యమయ్యాయంతే, వరుసగా వచ్చేస్తాయి.

బలహీనమైన ఉన్నిని పారేయట్లేదు. వేడి సబ్బు నీళ్లతో నలిపి అట్ట కట్టిస్తే పోగు పొట్టిదైనా పర్వాలేదు, కూర్చునే ఆసనాలు చేస్తున్నాను. ఎదురుచూస్తున్న తొమ్మిది మందికీ ఒక్కొక్కటి ఉచితం.

గుడ్ల గురించి కూడా అడుగుతున్నారు. 26 పెట్టలుంటే రోజుకు ఐదో ఆరో వస్తున్నాయి. పగలు తగ్గింది, పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటున్నాయి. ఈకైనా ఉన్నైనా తయారయ్యేది ప్రొటీన్‌తోనే, ఈకల మీద పడ్డప్పుడు గుడ్ల సంగతి చూడలేవు. లైట్లు పెట్టి రోజుకు 14 గంటల వెలుగు ఇస్తే పెడతాయంటారు, నేను పెట్టను. ఏడాదంతా గుడ్లు పెట్టాయి, ఈ రెండు మూడు నెలలు వాటిని వదిలేయండి.

గొర్రెలు, కోళ్లు రెండూ కలిపి పెంచొచ్చా అని అడిగేవాళ్లకు ఒక మాట. పెంచొచ్చు, కానీ కోళ్ల దాణా గొర్రెలకు ఒక్క పూట కూడా అందకూడదు. గింజల గొడవ ఒకటైతే, అందులో కలిపే రాగి గొర్రె కాలేయంలో పేరుకుపోవడం ఇంకొకటి. మా దాణా గదికి ఇప్పుడు రెండు గొళ్లేలు, ఒక తాళం. బతికిన రెండింటిలో ఒకటి కింది గొళ్లేన్ని మూతితో ఎత్తడం నేర్చుకుంది, అందుకే తాళం.

తెల్ల స్వెటర్ల వాళ్లు మీకేది కావాలో ఆదివారంలోపు రాయండి. ఈసారి అదే రోజు జవాబిస్తాను.